మా బాబాయికి మందు అలవాటైందట

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం, కాలేజీ నుంచి వచ్చి నేనింకా చెప్పులు విప్పకముందే మా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయికి పురుగుమందు ఎక్కినట్టుందే అమ్మాయ్. కళ్లు మసకలంటన్నాడు, చొంగ కారతంది, ఒళ్లంతా చెమట" అంది. మా ఊరు ప్రత్తిపాడు అవతల. ఆటోలో గుంటూరు చేర్చేసరికి బాబాయి కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. తొడ కండరాలు అదురుతుంటే లుంగీ మీద నుంచే కనిపిస్తోంది. ఆస్పత్రిలో విరుగుడుగా ఎట్రోపిన్ ఎక్కించారు, 'పామ్' ఇంజక్షన్లు చేశారు. ఐదో రోజు ఇంటికి పంపేశారు. డిశ్చార్జి కాగితంలో కొలినెస్టరేజ్ (మందు ఒంటికి ఎంత తగిలిందో చూసే రక్త పరీక్ష) 1,400 అని ఉంది, వారం తర్వాత చూపించుకోమని ఉంది. మళ్లీ ఎప్పటి నుంచి మందు కొట్టొచ్చో మాత్రం ఒక్క ముక్క లేదు.

పదకొండో రోజు మా బాబాయి తైవాన్ స్ప్రేయర్ భుజానికి తగిలించుకుని మిరప చేలో ఉన్నాడు.

ఫోన్లో అరిచాను. ఆయన నవ్వాడు. "నాకు అలవాటే అమ్మాయ్. ముప్పయ్యేళ్ల నుంచి కొడతన్నా. కొత్తోళ్లకు ఎక్కుద్ది గానీ నాకేం కాదు. ఆ రోజు గాలి తిరిగింది, అంతే."

ఈ మాట మా బాబాయి ఒక్కడిదే అయితే ఇంత రాసేదాన్ని కాదు. మందుల కొట్టు ఆయన ఇదే అన్నాడు, "పాత రైతులకు ఏం కాదు మేడమ్, ఒళ్లు అలవాటు పడిపోద్ది" అని. మా బంధువుల్లో ఒక చదువుకున్నాయన కూడా "శరీరం అడ్జస్ట్ అవుతుందిలే" అన్నాడు. విచిత్రం ఏమిటంటే ఆ చివరి మాట నిజం. శరీరం నిజంగానే సర్దుకుంటుంది. ఎలా సర్దుకుంటుందో, దానికి ఏం చెల్లిస్తుందో ఎవరూ అడగరు. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. ఈ ఎంజైము మా సిలబస్‌లో అర పేజీ. ఆ అర పేజీలో లేని సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అర పేజీ. నరం కండరానికి "ముడుచుకో" అని చెప్పాలంటే ఎసిటైల్‌కొలిన్ అనే చిన్న రసాయనాన్ని వదులుతుంది. మాట చేరింది, కండరం ముడుచుకుంది. వెంటనే ఆ మాట చెరిగిపోవాలి. చెరగకపోతే కండరం ముడుచుకుంటూనే ఉంటుంది, గ్రంథులు ఊరుతూనే ఉంటాయి. చెరిపే పని ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైముది. ఇక్కడి నుంచి దాన్ని 'ఎంజైము' అనే అంటాను, పూర్తి పేరు రాసే ఓపిక నాకూ లేదు, చదివే ఓపిక మీకూ ఉండదు. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు వేల సంఖ్యలో ఎసిటైల్‌కొలిన్ అణువులను విరగ్గొడుతుంది. మన ఒంట్లో అత్యంత వేగంగా పనిచేసే ఎంజైముల్లో ఇదొకటి.

నరం ఇలా రసాయనంతో మాట్లాడుతుందని ఓటో లోయి అనే శాస్త్రవేత్త 1921లో కప్ప గుండెలతో నిరూపించాడు. ఒక గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండె మీద పోస్తే అది కూడా నెమ్మదించింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈ కథ అందరూ చెబుతారు. 1926 నాటి రెండో కథ అంతగా చెప్పరు. గుండెలోనే ఆ రసాయనాన్ని నాశనం చేసేదేదో ఉందని, ఆఫ్రికాలోని కాలబార్ చిక్కుడు గింజ నుంచి తీసిన ఫైసోస్టిగ్మిన్ దాన్ని అడ్డుకుంటుందని లోయి, నవ్రాటిల్ చూపించారు. ఈ ఎంజైమును అడ్డుకునే మందుల చరిత్ర ఆ విషపు గింజ దగ్గర మొదలైంది. మా బాబాయి ట్యాంకులో పోసుకున్న ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు దానికి దూరపు చుట్టం. ఫైసోస్టిగ్మిన్ కాసేపు కూర్చుని లేచిపోతుంది. ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందు అలా లేవదు. ఎంజైము నోట్లో సెరిన్ అనే ఒక చోటు ఉంది, దానికి ఫాస్ఫరస్ ముక్కను అతికించేసి పోతుంది. కొంతసేపటి వరకు పామ్ ఇంజక్షన్ ఆ ముక్కను ఊడబెరకగలదు. ఆ తర్వాత అతుకు గట్టిపడిపోతుంది. దీన్ని 'ఏజింగ్' అంటారు. ప్రొఫెనోఫాస్ లాంటి వాటిలో ఇది చాలా త్వరగా జరుగుతుంది. గట్టిపడ్డాక ఆ ఎంజైము అణువు ఇక పనికిరాదు, ఏ ఇంజక్షనూ దాన్ని బాగుచేయలేదు.

మరి మా బాబాయి లేచి ఎలా నడిచాడు? ఎట్రోపిన్ గ్రంథుల గోలను ఆపి, ఊపిరి నిలబెట్టి, టైము ఇచ్చింది. ఆ టైములో ఒళ్లు కొత్త ఎంజైము తయారు చేసుకుంది. ఆస్పత్రి బిల్లులో కనిపించని అసలు వైద్యం అదే. జన్యువు రంగంలోకి దిగేది ఇక్కడే.

జన్యువు అనగానే మనవాళ్లకు నుదుటి రాత గుర్తొస్తుంది. ఉంటే ఉంది, లేకపోతే లేదు, మార్చలేం. నా పిల్లలకు నేను కాలువ లెక్క చెబుతాను. నాగార్జునసాగర్ నిండిందని పేపర్లో చూసి మా చివరి భూముల రైతు ఎవడూ సంబరపడడు. కుడి కాలువకు వదలాలి, మేజరుకు రావాలి, మేజరు నుంచి మైనరుకు, అక్కడ లస్కరు తూము తీయాలి, మధ్యలో ఎవరూ గండి కొట్టకూడదు. అప్పుడు చేను తడుస్తుంది. ఈ ఎంజైము జన్యువు ఏడో క్రోమోజోము మీద ఒకే ఒక్కటి ఉంది. చర్మంలోని కణంలోనూ అదే, మెదడులోని కణంలోనూ అదే. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అనేది తూముల పని.

మొదటి తూము జన్యువు ముందు భాగంలో ఉంటుంది, ప్రమోటర్ అంటారు. అక్కడ ఎస్‌పీ1, ఈజీఆర్-1 అనే ప్రోటీన్లు కూర్చునే చోట్లు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ఉన్నాయి. ఒకరు కూర్చుంటే ఇంకొకరు జరగాలి, మన బస్సుల్లో ముగ్గురి సీటులాగా. ఈ ఈజీఆర్-1 ఊరికే ఉండే మనిషి కాదు. నరకణం గట్టిగా ప్రేరేపణకు లోనైతే నిమిషాల్లో పెరిగే ప్రోటీన్ అది. అంటే నరాల్లో గోల పెరిగితే ఆ గోలే ఈ తూము దగ్గరికి వార్త పంపుతుంది. ఇంకా వెనక్కి, జన్యువు మొదలుకు దాదాపు 17,000 అక్షరాల ముందు మరో నియంత్రణ ప్రదేశం ఉంది. కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్ల సంకేతాన్ని అందుకునే చోటు అక్కడ ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కండరంలో ఇంకో తమాషా. ఒక్కో కండర పోగులో వందల కేంద్రకాలు ఉంటాయి. అన్నిట్లోనూ ఇదే జన్యువు. కానీ నరం వచ్చి తగిలే చోటు కింద ఉన్న కేంద్రకాలే దీన్ని గట్టిగా చదువుతాయి, మిగతావి పెద్దగా పట్టించుకోవు. ఒకే కణంలో ఇన్ని మనస్తత్వాలు! పామర్ టేలర్ బృందం 1993లో చూపించింది ఇంకొకటి: కండర కణాలు ఎదిగేటప్పుడు ఎంజైము బాగా పెరుగుతుంది, జన్యువు చదివే వేగం మాత్రం పెద్దగా మారదు. చదివి రాసుకున్న కాగితం, అంటే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, త్వరగా చిరిగిపోకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎక్కువ నీళ్లు వదలకుండా కాలువకు లైనింగు వేసి, ఇంకిపోకుండా చేయడం లాంటిది. 2009లో హెర్మోనా సోరెక్ బృందం మైక్రో ఆర్‌ఎన్‌ఏ-132 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్క ఈ ఎంజైము కాగితానికే అతుక్కుని దాని పని తగ్గిస్తుందని చూపించింది. అది కింది తూము.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మధ్య తూము. జన్యువును చదివాక వచ్చిన పొడవాటి కాగితాన్ని కణం కత్తిరించి అతికిస్తుంది. దీన్ని స్ప్లైసింగ్ అంటారు. ఈ ఎంజైము విషయంలో కత్తిరించే ముక్కల్లో చివరిది మారుతూ ఉంటుంది. మధ్యలో రసాయనాన్ని విరగ్గొట్టే భాగం ఎప్పుడూ అదే. తోక మారుతుంది. ఒక రకం తోక నలభై అమైనో ఆమ్లాల పొడవు, అందులో కొక్కెం లాంటిది ఉంది. దానితో ఆ ఎంజైము కండరం దగ్గర ఒక కొల్లాజెన్ తాడుకు, మెదడులో ప్రైమా అనే మరో ప్రోటీన్‌కు కట్టుబడి ఉంటుంది. సరిగ్గా నరం మాట్లాడే చోట. ఇంకో రకం తోకతో ఎర్ర రక్తకణాల పొర మీద పాతుకుంటుంది. మూడో రకం వేరు. కత్తిరించాల్సిన చోట కత్తిరించకుండా చదువుకుంటూ పోతే వస్తుంది. దానికి కొక్కెం లేదు. మొదటిది గుంజకు కట్టిన గేదె అయితే ఇది తాడు తెంచుకున్న గేదె, ఎక్కడికైనా పోతుంది. మామూలు రోజుల్లో ఈ మూడో రకం చాలా కొద్దిగా ఉంటుంది.

1998లో డానియెలా కాఫర్, హెర్మోనా సోరెక్ తదితరులు జెరూసలేంలో చేసిన పని 'నేచర్' పత్రికలో వచ్చింది. ఎలుకలను నీళ్లలో వదిలి బలవంతంగా ఈదించారు. వాటి మెదడులో ఎంజైము జన్యువు పని పెరిగింది. ఎసిటైల్‌కొలిన్‌ను తయారు చేసే ఎంజైము జన్యువు, దాన్ని సంచుల్లో నింపే ప్రోటీన్ జన్యువు, ఈ రెండింటి పని తగ్గింది. చెరిపేవాళ్లు పెరిగారు, రాసేవాళ్లు తగ్గారు. ఆ తర్వాత ఈత లేకుండా, ఎంజైమును అడ్డుకునే రసాయనాలు మాత్రమే ఇచ్చి చూశారు. అదే మార్పు, అదే దిశలో. పెరిగినదాంట్లో ఆ తాడు తెంచుకున్న రకం ముఖ్యమైనదని ఇదే బృందం తర్వాతి పనుల్లో తేలింది.

నేను ఈ పేపరు ఎం.ఎస్సీ. రోజుల్లో నాగార్జున యూనివర్సిటీ లైబ్రరీలో మొదటిసారి చదివాను. అప్పుడు పరీక్ష కోసం చదివాను. బాబాయి ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. మందు, టెన్షన్ రెండూ ఒకే తలుపు తడుతున్నాయి కదా! 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన జిల్లా మిరప తోటలను ఊడ్చేసినప్పటి నుంచి, పూతలో పురుగు కనపడితే చాలు రైతుకు నిద్ర ఉండదు. వడ్డీ, కౌలు, కూలీ, కళ్ల ముందు రాలిపోయే పూత. ఆ టెన్షన్‌తో వారానికి రెండుసార్లు మందు కొడతాడు. ఎలుకల్లో విడివిడిగా పెట్టి చూసిన రెండిటినీ మా బాబాయి ఒకేసారి నెత్తికెత్తుకుంటున్నాడు. ఎలుకకూ బాబాయికీ తేడా ఉంది, నిజమే. కానీ జన్యువు ముందున్న ఒత్తిడి హార్మోను చోటును గుర్తించింది మనిషి జన్యువులోనే.

ఇప్పుడు 'అలవాటు' దగ్గరికి వస్తాను. 1960ల్లో అమెరికాలో ఎలుకలకు డైసల్ఫోటాన్ అనే ఆర్గానోఫాస్ఫేట్‌ను రోజూ కొద్దికొద్దిగా పెట్టారు. మొదట వణికాయి, చొంగ కార్చాయి. కొన్నాళ్లకు ఆ లక్షణాలు తగ్గిపోయి మామూలుగా తిరిగాయి. మెదడులో ఎంజైము కొలిస్తే మాత్రం అది పడిపోయే ఉంది! ఇంకా కోలుకోలేదు. ఎసిటైల్‌కొలిన్ చెప్పే మాటను వినే రిసెప్టర్లు తగ్గిపోయాయని తర్వాతి పనుల్లో తేలింది. ఇంట్లో టీవీ సౌండు ఎవరూ తగ్గించకపోతే చెవుల్లో దూది పెట్టుకున్నట్టు. మా బాబాయి "నాకేం కాదు" అంటే దాని అర్థం ఇదే అయి ఉండొచ్చని నా వాదన. సౌండు తగ్గలేదు, దూది పెరిగింది.

దూది ఎంతదాకా పనిచేస్తుంది? 2000లో అమెరికాలోని నెబ్రాస్కాలో ఆక్సానా లాక్‌రిడ్జ్ వాళ్లు ఈ ఎంజైము జన్యువే లేని చిట్టెలుకలను పుట్టించిన సంగతి బయటికొచ్చింది. పుట్టగానే చనిపోతాయని అందరూ అనుకునేవాళ్లు. చనిపోలేదు. ద్రవాహారం తాగించి సాకితే పెద్దవయ్యాయి కూడా. అయితే చిన్నగా, బలహీనంగా, వణుకుతూ పెరిగాయి. వాటిలో ఆ రిసెప్టర్లు తగ్గిపోయి ఉన్నాయి, పక్కనున్న ఇంకో ఎంజైము కొంత పని అందుకుంది. అంటే 'పూర్తిగా అలవాటు పడిన' ఎలుకలు అవి. వాటికి ఆర్గానోఫాస్ఫేట్ ఇస్తే ఏమైంది? వాటికి అసలు తగలకూడదు కదా, అడ్డుకోవడానికి ఎంజైమే లేదు. మామూలు ఎలుకల కంటే తక్కువ మోతాదుకే చచ్చిపోయాయి. ఆసరాగా నిలిచిన ఆ పక్క ఎంజైము కూడా పోయింది కాబట్టి. అలవాటు పడినవాడికి మిగిలిన సందు ఎంత ఇరుకో ఇంతకంటే బాగా చూపించే ప్రయోగం నాకు తెలిసి లేదు.

ఎంజైము ఎక్కువైతే మంచిదేగా అంటారేమో. అదీ కాదు. 1995లో సోరెక్ బృందమే మనిషి ఎంజైము జన్యువును అదనంగా పెట్టి ఎలుకలను పెంచింది. వాటి మెదడులో ఈ ఎంజైము ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ నేర్చుకునే శక్తి, గుర్తుపెట్టుకునే శక్తి తగ్గుతూ వచ్చాయి. మాటను మరీ తొందరగా చెరిపేస్తే వినేవాడికి అందదు.

అలవాటు నిజంగా అయ్యేది పురుగుకు. క్యూలెక్స్ దోమల్లో ఇదే ఎంజైము జన్యువులో ఒక అక్షరం మారి మందు పట్టకుండా పోయింది. కొన్ని దోమల్లో ఆ జన్యువు రెండు ప్రతులైంది, మామూలుది ఒకటి, మారినది ఒకటి. అలా మారనివి చచ్చిపోయాయి, మారినవి మిగిలాయి. పురుగుకు అలవాటు అంటే తరతరాలుగా చచ్చినవాటి లెక్క తీసేసి బతికినవాటిని చూపించడం. మందుల కొట్టాయన "పాత రైతులకు ఏం కాదు" అన్నప్పుడు చేసింది కూడా అదే లెక్క. ఒళ్లు పడని వాళ్లు ఎప్పుడో స్ప్రేయర్ పక్కన పడేసి గుంటూరు వచ్చి వాచ్‌మన్లయ్యారు, ఆటోలు తోలుకుంటున్నారు. మిగిలినవాళ్లే పాత రైతులు.

రక్త పరీక్ష సంగతి. మన ల్యాబుల్లో 'సీరం కొలినెస్టరేజ్' అని చేసేది ఈ ఎంజైమును కాదు. దాని తోడికోడలు బ్యూటిరిల్‌కొలినెస్టరేజ్‌ను. అది మూడో క్రోమోజోము మీద ఉన్న వేరే జన్యువు నుంచి, లివర్‌లో తయారై రక్తంలోకి వస్తుంది. లివర్ చురుకైనది, కొన్ని వారాల్లో మళ్లీ నింపేస్తుంది. అసలు ఎంజైము ఎర్ర రక్తకణాల మీద ఉంటుంది. ఎర్ర కణానికి కేంద్రకం లేదు, జన్యువు లేదు. ఉన్న ఎంజైము పాడైతే కొత్తది చేసుకోవడానికి దానికి దారే లేదు. దాని ఆయుష్షు 120 రోజులు. పాత కణాలు పోయి, ఎముక మజ్జ నుంచి కొత్తవి రావాలి. అందుకే అక్కడ రోజుకు దాదాపు ఒక్క శాతం చొప్పున కోలుకుంటుంది. సీరం రిపోర్టు బాగుందని పొలానికి వెళ్లినవాడి ఎర్ర కణాలు ఇంకా డిసెంబరులోనే ఉండిపోయి ఉంటాయి.

జనవరి చివర్లో బాబాయిని బలవంతంగా ల్యాబుకు తీసుకెళ్లాను. 6,100 వచ్చింది. పక్కన మామూలు పరిధి 5,320 నుంచి 12,920 అని అచ్చువేసి ఉంది. "చూశావా నార్మలే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన అసలు అంకె 11,000 అనుకోండి. అప్పుడు 6,100 అంటే దాదాపు సగం పోయినట్టు. అసలు అంకె 6,300 అయితే ఏమీ పోనట్టు. పరిధి అంత వెడల్పుగా ఉన్నప్పుడు 'నార్మల్' అన్న మాటకు అర్థం లేదు. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఇలాంటి మందులు వాడే వ్యవసాయ కార్మికులకు ముందుగా వాళ్ల సొంత అంకె తీసి పెట్టుకుంటారు. తర్వాత పరీక్షల్లో అది 80 శాతం కంటే తగ్గితే పని చేసే పద్ధతి ఎక్కడ తప్పుతోందో చూస్తారు. సీరంలో 60 శాతానికి, ఎర్ర కణాల్లో 70 శాతానికి పడితే మళ్లీ 80 శాతానికి కోలుకునేదాకా మందు పని నుంచి తప్పిస్తారు. పోల్చేది ఎవరి అంకెను వాళ్ల అంకెతోనే.

మన దగ్గర సొంత అంకె అవసరం ఇంకా ఎక్కువ. ఆంధ్రలోని వైశ్య కుటుంబాల్లో ఈ సీరం ఎంజైము దాదాపు లేకుండా పుట్టేవాళ్లు మిగతా చోట్లకంటే ఎక్కువని 1979లోనే పరిశోధనా పత్రం వచ్చింది. వాళ్లకు రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్‌లో సక్సినైల్‌కొలిన్ అనే మత్తుమందు తోడు ఇంజక్షన్ ఇస్తేనే చిక్కు, కండరాలు గంటల తరబడి లేవవు. అలాంటి మనిషి ఏ మందూ ముట్టకుండా ల్యాబుకు వెళ్తే రిపోర్టులో అంకె పాతాళంలో ఉంటుంది. ఇటు ఉన్నది కనిపించదు, అటు లేనిది కనిపిస్తుంది.

'ఒంటి తత్వం' అని మన పెద్దలు అనే మాటను నేను కొట్టిపారేయను. ఇందాక చెప్పిన ఆ 17,000 అక్షరాల ముందున్న చోటులో కొందరికి నాలుగంటే నాలుగు అక్షరాలు లేవని 2000లో సోరెక్ బృందం కనుక్కుంది. ఆ నాలుగు లేకపోవడం వల్ల తూము తక్కువ కాకుండా ఎక్కువ తెరుచుకుంటుంది, ఎంజైము ఎక్కువ తయారవుతుంది. వీళ్లు మందును ఎక్కువ తట్టుకోవాలి కదా? ఇలాంటి మార్పు ఉన్న ఒకామె ఎంజైమును అడ్డుకునే పిరిడోస్టిగ్మిన్‌కు విపరీతంగా స్పందించింది. ఎప్పుడూ సగానికి పైగా తెరిచి ఉన్న తూము వరద వచ్చినప్పుడు ఇంకెంత తెరుచుకుంటుంది? తత్వం ఉంది. కానీ అది ఎటు మొగ్గుతుందో ముఖం చూసి, పొలంలో గడిపిన ఏళ్లు లెక్కపెట్టి చెప్పలేం.

ఇదే కుటుంబంలో ఇదే ఎంజైమును ఇంకొకరికి కావాలని అడ్డుకుంటున్నాం. విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా అమ్మమ్మకు మతిమరుపు జబ్బు. డోనెపెజిల్ మాత్ర వేస్తున్నారు. ఆమె మెదడులో ఎసిటైల్‌కొలిన్ చెప్పేవాళ్లే తగ్గిపోయారు కాబట్టి చెరిపేవాళ్లను కాస్త ఆపడం ఆ మాత్ర పని. ఆ మాత్ర వాడేవాళ్ల వెన్ను ద్రవంలో కొంతకాలానికి ఎంజైము ప్రోటీన్ పెరగడం కూడా చూశారు. అక్కడా ఒళ్లు ఎదురు నెడుతుంది. డాక్టరు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాడు, వారాల తర్వాత పెంచాడు, మూడు నెలలకోసారి రమ్మంటాడు, నాడి చూస్తాడు, కడుపులో తేడాగా ఉందా అని అడుగుతాడు. అమ్మమ్మకు మిల్లీగ్రాముల్లో కొలిచి ఇచ్చేదాన్ని అల్లుడికి సీసా మూతలతో కొలిచి ట్యాంకులో పోస్తున్నాం. మూడు నెలలకోసారి అమ్మమ్మ ఎలా ఉందని అడిగేవాళ్లున్నారు. బాబాయి ఎలా ఉన్నాడని అడిగేది మా పిన్ని ఒక్కతే, అదీ అన్నం తినకపోతే.

నేను రైతును మందు మానేయమని చెప్పడం లేదు. గుంటూరు టౌనులో ఫ్యాను కింద కూర్చుని ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు, మిరప పూత రాలిపోతే ఏమవుతుందో మా ఇంట్లో ఒకసారి చూశాను. నేను అడిగేది చిన్నది. ఎండాకాలంలో కల్లాలు ఎత్తేసి, చేలు ఖాళీగా ఉండి, రెండు నెలలు మందు తగలనప్పుడు ఒకసారి రక్తం ఇవ్వండి. అది మీ అంకె. తర్వాత సీజన్లో ఒకటి రెండుసార్లు అదే ల్యాబులో, అదే పద్ధతిలో మళ్లీ చూసుకోండి. వీలైతే ఎర్ర కణాలది కూడా. మాకు అయిన ఖర్చు బాబాయి ఒక్కరోజు కొట్టే మందు ఖర్చు కంటే తక్కువ. మందు ఎక్కి బయటపడ్డ మనిషి చేతిలో ఆస్పత్రివాళ్లు పెట్టే కాగితం మీద, ఏ అంకె దాటాక మళ్లీ చేలోకి వెళ్లొచ్చో రాసి ఉండాలి. కాలు విరిగినవాడికి ఎన్ని వారాలు బరువు మోయకూడదో రాస్తారు కదా.

దీనికి బాబాయి దగ్గర సమాధానం ఉంది. "అందరూ పరీక్షలు చేయించుకుంటా కూర్చుంటే మందు ఎవరు కొడతారు? కూలీకి పిలిస్తే ఎవరొస్తారు?" అన్నాడు. ఇది ఊరికే తీసిపారేసే మాట కాదు. కూలీకి మందు కొట్టే కుర్రాళ్లు రోజుకు ఇంత అని పుచ్చుకుంటారు, వాళ్లకు సొంత పొలం కూడా లేదు. ఒక చేలో ఆపితే రెండో చేలోకి వెళ్తారు. వాళ్ల అంకెలు రాసి పెట్టే పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి? మా ఊళ్లో మందు ఎవరు కొన్నారో కొట్టు పుస్తకంలో ఉంటుంది, ఎవరు బాకీ ఉన్నారో ఉంటుంది. ఆ మందు ఎవరి ఒంట్లోకి వెళ్లిందో రాసే గడి లేదు.

మే నెలలో, కాయ అంతా కోల్డ్ స్టోరేజీకి చేరాక, బాబాయి తనంతట తనే బస్సెక్కి వచ్చాడు. పిన్ని పంపి ఉంటుందని నా అనుమానం. అదే ల్యాబులో రక్తం ఇచ్చాడు. 9,800 వచ్చింది. జనవరి నాటి 6,100ను దానితో భాగిస్తే 62 శాతం. ఇంటికొచ్చి మజ్జిగ తాగుతుంటే కాగితం మీద లెక్క వేసి చూపించాను, 80 దగ్గర ఒక గీత, 60 దగ్గర ఒక గీత. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. 60 గీత మీద వేలు పెట్టాడు.

"ఇంకా రెండు పైనే ఉన్నాగా అమ్మాయ్" అన్నాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాసు పుస్తకం అట్టలో దాచుకున్నాడు.